మసీరా ఇసుకలో పద్దెనిమిదో మాల

మస్కట్‌లో నేను పనిచేసే ఖురం క్లినిక్‌లోనే పోయిన నెల నా రక్తం పరీక్షకిచ్చాను. రిపోర్టు చూసిన డాక్టరమ్మ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, "షుగరు గుమ్మం దాకా వచ్చింది సిస్టర్. రోజూ ముప్పావు గంట నడవండి" అంది. ఆ మాట ఇరవై ఏళ్ళకు పైగా నేను ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు. చెప్పేటప్పుడు ఎంత సులువుగా నోట్లోంచి వస్తుందో, మనకే ఎవరైనా చెబితే అంత ఒళ్ళు మండుతుంది. పన్నెండు గంటలు నిలబడిన కాళ్ళను ఇంటికి తీసుకెళ్ళి గోరువెచ్చటి ఉప్పునీళ్ళ బకెట్లో పెట్టాలనిపిస్తుంది గాని, మళ్ళీ సముద్రం ఒడ్డుకు తోలాలని ఎవరికనిపిస్తుంది? అయినా వెళ్తున్నాను. ఇక్కడి బీచ్‌లో నడవడానికి చక్కటి బాట ఉంది, లైట్లున్నాయి, చేతి గడియారంలో అడుగులు చూసుకుంటూ హుషారుగా నడిచేవాళ్ళున్నారు. మూడోనాడు సాయంత్రం నా ముందు ఒకాయన చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుకలో ఉత్తకాళ్ళతో పోతున్నాడు. నాకేమైందో తెలియదు, ఆయాసపడుతూ వెనకాలే పరుగెత్తి, "చప్పల్ పెహనో భాయ్, చప్పల్ పెహనో" అని అరిచాను. ఆయన చెవుల్లో పెట్టుకున్నవి తీసి, నన్ను ఎగాదిగా చూసి, పాపం, వేసుకున్నాడు. పిచ్చిదనుకుని ఉంటాడు. ఇంటికొచ్చి ఈ సంగతి మా ఆయనకు చెబితే నవ్వలేదు. "ఇంకా బాబాయే గుర్తొస్తున్నాడా?" అన్నాడు. అవును, ఇంకా బాబాయే.

బాబాయి మా బంధువు కాడు. నాకు మసీరా దీవిలో దొరికినవాడు. ఏడేళ్ళ కిందట నన్ను ఆ దీవికి పంపినప్పుడు, మ్యాపులో ఒమాన్ ఒంటి మీంచి ఊడి సముద్రంలో పడిన చొక్కా గుండీలా కనిపించింది నాకు. మస్కట్ నుంచి ఆరు గంటలు రోడ్డు, ఆ మీద షన్నా రేవులో ఫెర్రీ కోసం ఎదురుచూపు, ఆ మీద గంటకు పైగా నీళ్ళ మీద. మా ఆయనది మస్కట్ పక్కన రుసైల్‌లో గోడౌన్ డ్యూటీ, ఆయన్ని కదిపే వీల్లేదు. కాబట్టి నేనొక్కదాన్నే రెండు సూట్‌కేసులతో, ఒక ఆవకాయ జాడీతో దిగాను. ఆ దీవిలో మొదట పరిచయమయ్యేది గాలి. మే నెల దాటిందంటే పగలూ రాత్రీ ఒకటే ఊదుడు. క్వార్టర్ తలుపు తియ్యాలంటే భుజం పెట్టాలి, ఆరేసిన యూనిఫాం ఏ మేకల కొట్టంలో తేలుతుందో వెతుక్కోవాలి. కూరగాయలు ఫెర్రీ మీద రావాల్సిందే. ఫెర్రీ రెండ్రోజులు ఆగిందంటే కొట్లో టమాటాలు బతిమాలినా దొరకవు. నా గదిలో ఉండే మలయాళీ నర్సు, నాకంటే పదేళ్ళు పెద్ద, అందుకని చేచీ అనేదాన్ని, ఫెర్రీ కూత వినబడగానే సంచి పట్టుకుని పరుగెత్తేది. కరివేపాకు రెమ్మ దొరికిన రోజు మా ఇంట్లో పండగే. ఇంత చిన్న విషయాలకు సంతోషపడటం, ఇంత చిన్న విషయాలకే అలిసిపోవడం, రెండూ ఆ దీవిలోనే నేర్చుకున్నాను.

సాయంత్రాలు గడవక నడక మొదలుపెట్టాం. చలికాలంలో మసీరా పడమటి ఒడ్డు ఎంత నెమ్మదిగా ఉంటుందో చెప్పలేను. ఆటు వచ్చినప్పుడు నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయి, బురద మెరుస్తూ మిగిలేది. దాని మీద పొడుగుకాళ్ళ గులాబీ కొంగలు తలలు కిందికి పెట్టుకుని మేసేవి. గట్టు మీద జాలర్లు ఎండబెట్టిన చేపల వాసన చేచీకి తలనొప్పి తెప్పించేది, నాకు ఊరు గుర్తు తెచ్చేది. మాది నరసాపురం దగ్గర. మసీరావాళ్ళు జెల్ల చేప తినరు. వలలో పడ్డదాన్ని తీసి ఒడ్డు మీద పారేస్తారు. మా అమ్మ మామిడికాయ వేసి జెల్ల పులుసు పెడితే గిన్నె ఊడ్చి తినే ఇంట్లో పుట్టినదాన్ని, ఒడ్డు పొడుగునా ఎండిపోతున్న జెల్లల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోయేది. ఒకసారి తాజాది కనిపిస్తే తీసుకుందామని వంగాను కూడా. "నర్సమ్మ బీచ్‌లో పారేసిన చేపలు ఏరుకుంటోందని హిల్ఫ్ ఊరంతా పాకుతుంది" అని చేచీ నా చెయ్యి పట్టి లాగేసింది. జెల్లకు వీపు మీదా రెక్కల పక్కనా గట్టి ముళ్ళుంటాయి. కండ కుళ్ళిపోయి ఎండిపోయినా ఆ ముల్లు మాత్రం ఇసుకలో సూదిలా నిలబడి ఉంటుంది. మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలిసిన సంగతి అది.

బాబాయిని నేను మొదట చూసింది క్యాజువాలిటీలో. వెల్డింగ్ నిప్పురవ్వ చేతి మీద పడిందని కట్టు కోసం వచ్చాడు. యాభై దాటిన మనిషి, బక్కగా, ఎండకు కమిలిపోయి, కంపెనీ నీలంరంగు చొక్కాలో. మందు రాస్తుంటే "అమ్మా" అన్నాడు. నొప్పికి ఏ భాషవాడైనా అలాగే అంటాడనుకోండి, కాని ఆయన ఆ తర్వాత "ఓ అయ్యా, మెల్లగ" అని కూడా అన్నాడు. నేను తలెత్తాను. "మీరు మనోళ్ళేనా?" అంటే ఆయన మొహం వెలిగిపోయింది. జగిత్యాల దగ్గర పల్లె. గల్ఫుకొచ్చి పదహారేళ్ళు. సైట్ పని మీద కంపెనీ ఈ దీవికి పంపింది, ఉన్న నలభై మందిలో తెలుగువాడు ఆయనొక్కడే. పనిలో పనిగా షుగరు చూస్తే మిషను మీద అంకె చూసి నేనే ఉలిక్కిపడ్డాను. డాక్టరు మాత్రలు రాశాడు. నడక సంగతి నేను చెప్పాను.

"పొద్దటి సంది సైట్ల నడుస్తనే ఉంట గద సిస్టరమ్మా. గది నడక గాదా?" అన్నాడు.

"అది డ్యూటీ బాబాయ్. డ్యూటీలో తిరిగింది నడక కిందికి రాదు."

"అంటే కంపెనోని కోసం నడిస్తె షుగర్ గూడ దిగదన్నట్టు" అని తనే నవ్వాడు. బాబాయ్ అన్నందుకు మరీ మురిసిపోయాడు. "మా దిక్కు కాకా అంటం. బాబాయి గూడ మంచిగనే ఉన్నది" అన్నాడు.

అలా మా నడకలోకి ఆయనొచ్చి చేరాడు. నడక అంటే పక్కపక్కన కాదు. చిన్న ఊరు, నలుగురి కళ్ళుంటాయి, ఆ మర్యాద ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఆయన పది అడుగులు ముందు నడిచేవాడు, నేనూ చేచీ వెనక. ముందునుంచే, తల తిప్పకుండా, గాలికి మాటలు వదిలినట్టు కబుర్లు చెప్పేవాడు. సైట్‌లో పాకిస్తానీ మేస్త్రీ తిట్లు, రూమ్‌లో బెంగాలీల చేపల కూర, ఊళ్ళో తను వేసిన బోరు, అందులో పడని నీళ్ళు. చేచీకి ముక్క అర్థం కాకపోయినా ఆయన నవ్వితే నవ్వేది. మూడు నెలల్లో షుగరు సగానికి దిగింది. ఆ అంకె చూసి నేను పడ్డ సంతోషం మా అమ్మాయి పదో తరగతి మార్కులకు కూడా పడలేదు. ఉద్యోగంలో మనం చేసిన మేలు కళ్ళకు కనిపించేది చాలా తక్కువసార్లు. అందుకే కాస్త గర్వపడ్డాను, ఎందుకు దాచాలి?

కార్తీకం వచ్చింది. ఒకరోజు బాబాయి నల్లబట్టల్లో, మెడలో మాలతో, నుదుట గంధంతో, ఉత్తకాళ్ళతో వచ్చాడు. అయ్యప్ప దీక్ష. దీవిలో గుడీ లేదు, పూజారీ లేడు. తెల్లారుజామున ఫోన్‌లో ఊళ్ళో ఉన్న గురుస్వామి మంత్రం చెబుతుంటే రూమ్‌లో ఫొటో ముందు తనే మాల వేసుకున్నాడట. "సిగ్నల్ రెండుమాట్ల వోయింది. దేవుడు ఓపికతోని ఉన్నడు" అన్నాడు. అది ఆయనకు పద్దెనిమిదో మాల. పద్దెనిమిది మాలలు నిండినవాడు కొబ్బరిమొక్క పట్టుకుని కొండెక్కుతాడట. ఆ మొక్క అక్కడ నాటితే ఇక ఆయన కూడా గురుస్వామే. "కంపెనీ లీవు గూడ ఇచ్చింది సిస్టరమ్మా. సంక్రాంతి ముంగట పోత. పదహారేండ్ల సంది ఇక్కడ ఎవలన్న నన్ను పేరు పెట్టి పిలిచిండ్రా? ఐడీ నంబరే. ఊళ్లె పోతె గురుస్వామి అంటరు." గాలికి చెప్పినట్టే చెప్పాడు. ఆ కొండ ఆయనకెంత ముఖ్యమో నాకు ఆ రోజే తెలిసింది.

నాకో చిక్కొచ్చి పడింది. మాలలో ఉన్నవాళ్ళను స్వామి అనాలి. నేను పుట్టింది పాస్టర్ ఇంట్లో. మా నాన్న కొట్టుకెళ్ళి ఉప్పు అడిగినా ప్రార్థన చేసి అడిగే మనిషి. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. బాబాయి అంటే తప్పు, స్వామి అంటే మా నాన్న కళ్ళముందుకు వస్తాడు. రెండ్రోజులు "ఏమండీ" అని గడిపాను. మూడోరోజు ఆయనే ఆగి, మొదటిసారి వెనక్కి తిరిగి, "మీరు స్వామి అనకుంటె దేవుడేం కోపం జెయ్యడు తల్లీ. మీరు బాబాయే అనుండ్రి. నాకు గదే మంచిగుంటది" అన్నాడు. ఆ మంచితనానికి నేను నీరైపోయాను. ఆయన నా నమ్మకాన్ని అంత జాగ్రత్తగా పట్టుకున్నాక, ఆయన నమ్మకం జోలికి నేను పోగలనా?

పోకపోవడానికి ఇంకో పాత కారణం కూడా ఉంది. నర్సుగా నా మొదటి ఏడాది, మా జిల్లాలోనే, సెలైన్ సూది పెట్టడానికి అడ్డమొస్తోందని ఒక పెద్దావిడ ముంజేతి తోరం పైకి జరిపాను. తియ్యలేదు, జరిపానంతే. ఆవిడ కొడుకు వార్డంతా వినబడేలా, "మతంలో కలపడానికి వచ్చావా, సూది వెయ్యడానికి వచ్చావా?" అని అరిచాడు. తప్పెవరిదన్నది పక్కన పెడితే, మేట్రన్ నా చేత క్షమాపణ చెప్పించింది. ఆనాటి నుంచి తాయెత్తు, తోరం, మాల, బొట్టు, వాటిని నేను కళ్ళతో కూడా తాకను. నాలాంటి క్రైస్తవ పేరున్న నర్సమ్మలందరికీ ఈ జాగ్రత్త ఎముకల్లోకి ఇంకిపోయి ఉంటుంది. బాబాయి దీక్ష మొదలుపెట్టగానే, ఒంటిపూట భోజనం కాబట్టి మాత్రలు ఏ వేళకు వేసుకోవాలో కాగితం మీద రాసిచ్చాను. ఉపవాసంలో కళ్ళు తిరిగితే ఏం చెయ్యాలో రెండుసార్లు అప్పజెప్పించుకున్నాను. మాత్రలు నావి, నేను మాట్లాడొచ్చు. చెప్పులు ఆయన దేవుడివి. వాటి గురించి ఒక్క మాటా అనలేదు. ఆయనే ఒకసారి చెప్పాడు, "డ్యూటీల బూట్లకు గురుస్వామి ఒప్పుకున్నడు. కంపెనీ రూలు గద. మిగతప్పుడు చెప్పులు ముట్టద్దు" అని. నడక డ్యూటీ కిందికి రాదని ఆయనకు నేర్పింది నేనే.

ఇలా మూడు వారాలు నడిచాం. ముందు ఆయన, వెనక మేము. తడి ఇసుకలో ఆయన అడుగులు పడుతూ పోయేవి, నేను వాటి పక్కనే నా బూట్లు వేసుకుంటూ పోయేదాన్ని. షుగరున్నవాళ్ళు ఉత్తకాళ్ళతో ఒక్క అడుగు కూడా వెయ్యకూడదని నా వార్డులో గోడ మీద నేనే అతికించాను, బొమ్మతో సహా. డ్యూటీలో ఉన్నప్పుడు షుగరు పేషెంట్లు ఎవరొచ్చినా పాదాలు తిప్పి వేళ్ళ సందుల్లోకి చూసేదాన్ని. ఆరు దాటి యూనిఫాం మార్చుకున్నాక, ఎదురుగా ఉన్న పాదాల్ని చూస్తూ కొంగల గురించి మాట్లాడేదాన్ని. అలసిపోయి ఉండేదాన్ని అని చెప్పుకోవచ్చు. ఆ నెలలో ఇద్దరు నర్సులు సెలవులో ఉన్నారు, నిజంగానే అలిసిపోయి ఉన్నాను. కాని అలసట వల్ల నోరు మూసుకోలేదు. మర్యాద వల్ల మూసుకున్నాను.

నాలుగో వారంలో ఒక సాయంత్రం ఆయన ఎడమకాలి అచ్చు చూశాను. బొటనవేలు పడటం లేదు. మడమ మాత్రం లోతుగా దిగుతోంది. "కాలికేమైంది బాబాయ్?" అని అడిగాను.

"ఏం గాలె. ఏదో గీసుకున్నది. నొప్పేం లేదు" అన్నాడు, తల తిప్పకుండానే.

నొప్పి లేదన్నాడు. షుగరు కాలికి నొప్పి లేకపోవడమే అసలు ప్రమాదమని నర్సింగ్ రెండో ఏట మాకు పదిసార్లు రాయించారు. ఆ మాట విని నేను అక్కడికక్కడే ఆయన్ని ఇసుకలో కూలబెట్టి కాలు చూడాల్సింది. చూడలేదు. చేచీ నా వంక చూసింది, నేను ఆమె వంక చూశాను. "ఇంకా పన్నెండు రోజులే" అని ఆయన సంతోషంగా అన్నాడు. "ఓపిక పట్టండి" అన్నాను నేను. ఆ మాట కూడా అన్నాను.

ఆ తర్వాత మూడు రోజులు నడకకు రాలేదు. నాలుగోనాడు పొద్దున పదిగంటలకు సైట్ నుంచి ఇద్దరు బెంగాలీలు ఆయన్ని చెరో భుజం పట్టి క్యాజువాలిటీకి తెచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది. ఎడమకాలికి బూటు అలాగే ఉంది. లేసులు విప్పుతున్నప్పుడే వాసన వచ్చింది. సాక్సు చర్మానికి అంటుకుపోయింది. సెలైన్ పోసి నానబెట్టి, కొంచెం కొంచెంగా తీశాను. బొటనవేలి కింద, మెత్తటి చోట, గోధుమరంగు ముల్లు కొస కనిపించింది. చూడగానే గుర్తుపట్టాను. జెల్ల ముల్లు. ఎన్ని రోజులు దాని మీదే నడిచాడో, దాని మీదే బూటు తొడిగాడో. డాక్టరు ఒక్క చూపు చూసి మస్కట్‌కు ఫోన్ చేశాడు. మధ్యాహ్నం ఫెర్రీలో ఆంబులెన్స్ ఎక్కించాం. స్ట్రెచర్ మీద మాల సర్దుకుంటూ, "కొండకు పోయేదాక నయమైతది గద?" అని అడిగాడు. నేను ఎంతమందికో అబద్ధాలు చెప్పి ధైర్యమిచ్చిన నర్సుని. ఆ రోజు ఆ ఒక్కటీ చెప్పలేకపోయాను.

తొమ్మిది రోజుల తర్వాత నాకు సెలవు దొరికింది. షన్నా రేవుకు మా ఆయన కారు తెచ్చాడు. మస్కట్ ఆసుపత్రి వార్డులో బాబాయి కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఉన్నాడు. బొటనవేలూ పక్క రెండు వేళ్ళూ, వాటితో పాటు పాదం ముందు భాగమూ తీసేశారు. మాల పక్క బల్ల మీద ప్లాస్టిక్ కవర్లో, పైన పేషెంటు నంబరుతో ఉంది. సేఫ్టీ బూటు తొడగలేని మనిషితో సైట్‌కు పని లేదు. టికెట్ తీసి ఇంటికి పంపుతున్నారు. సంక్రాంతి ముందే వెళ్తున్నాడు, అనుకున్న నెలలోనే. "మాలలు లెక్కకు పదిహేడే మిగిలినయి" అన్నాడు, చిన్నగా నవ్వి.

మేముండగానే ఊరి నుంచి గురుస్వామి ఫోన్ చేశాడు. బాబాయి స్పీకర్ మీద పెట్టాడు. ఆ పెద్దాయన ఏడుస్తున్నాడు. "షుగరున్న సంగతి నాకెందుకు చెప్పలె స్వామీ? చెప్పులు తొడుక్కోమందును గద. నేను మోకాళ్ళ నొప్పులకు మూడేండ్ల సంది తొడుక్కుంట లేనా?" అన్నాడు. ఫోన్ పెట్టేశాక నేను మంచం దగ్గరికి జరిగాను. "క్షమించండి బాబాయ్. నేను చెప్పాల్సింది. మీ దీక్ష గదా, మీరేమనుకుంటారోనని చెప్పలేదు" అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. కోపం లేదు. నిజంగా అర్థం కానట్టు చూశాడు.

"నేను దినాం మీ కండ్ల ముంగటనే ఉత్తకాళ్ళతోని నడిస్తి గద సిస్టరమ్మా. మీరు నర్సు. ఏమన్న ఐతదంటె మీరే చెప్తరనుకున్న. మీరు ఏమనకపోయేసరికి, ఏం గాదన్నట్టే అనుకున్న."

ఆ వారంలోనే ఆయన ఇంటికెళ్ళిపోయాడు. ఇప్పుడు ఊళ్ళో చిన్న కొట్టు ముందు కూర్చుంటున్నాడని తెలుసు. పండగలకు ఫోన్ చేసి నా షుగరు ఎంతుందో అడుగుతాడు, గుమ్మం దాకా వచ్చిందంటే మొన్న గట్టిగా మందలించాడు కూడా. నన్ను ఎప్పుడో క్షమించేశాడు, అసలు తప్పు పట్టాడో లేదో కూడా తెలియదు. నేను మాత్రం ఇంకా ఆ చలికాలం సాయంత్రాల్లోనే తిరుగుతున్నాను. నాలుగు వారాల్లో ఏ సాయంత్రమైనా సరే, పది అడుగులు వేగంగా వేసి ఆయన్ని అందుకుని ఒక్క మాట చెప్పడానికి అర నిమిషం పట్టేది. ఆ అర నిమిషం రోజూ నా చేతిలోనే ఉంది. ఆ తర్వాత గడిచిన ఇన్నేళ్ళలో ఎన్ని గంటలు దాని గురించి ఆలోచించానో, అవన్నీ కలిపినా దాన్ని వెనక్కి కొనలేకపోతున్నాను.